ఏ నీళ్లు తాపుతున్నవ్ బిడ్డా

పాపకు పాలు మాన్పించాలని నేను అనుకున్నది మొన్న ఏప్రిల్‌లో, బడికి వేసవి సెలవులు ఇచ్చిన వారంలో. అప్పటికి దానికి రెండేళ్ల రెండు నెలలు. రెండేళ్ల వరకు, తల్లీబిడ్డలకు ఇష్టమైతే ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది కాబట్టి తొందరేమీ లేదు. కానీ రాత్రి నాలుగుసార్లు లేచి, పొద్దున్నే వెళ్లి ఐదో తరగతి పిల్లల ముందు నిలబడితే కళ్లు తిరిగేవి. జూన్ 12న బడి తెరిచేలోపు అయిపోతుందని లెక్క వేసుకున్నాను. జులై చివరి దాకా పట్టింది. మధ్యలో మా నాయినమ్మ పోయింది. పాలు మాన్పించిన అనుభవం ఒకటి, నాయినమ్మ జ్ఞాపకం ఒకటి, విడివిడిగా రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. విడదీయడం నా వల్ల కాలేదు.

మేముండేది నల్లగొండలో, పానగల్ రోడ్డు వైపు. మా ఆయన సూర్యాపేటకు రోజూ పోయి వస్తాడు. అమ్మానాన్నలు మర్రిగూడ మండలంలోని ఊళ్లో, రెండెకరాల బత్తాయి తోట చూసుకుంటూ ఉంటారు. నా 180 రోజుల ప్రసూతి సెలవు అయిపోయినప్పుడు పాపను ఎవరు చూసుకోవాలో ఎవరికీ తోచలేదు. అమ్మ తోట వదిలి రాలేదు. అత్తమ్మకు అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. ఎవరూ అడగకముందే నాయినమ్మ బట్టల సంచి సర్దుకుంది. "నేనొస్త బిడ్డా. ఎత్తుకునుడు నాతోని గాదు గని, కూసోని చూస్త" అంది.

ఎత్తుకోవడం ఎందుకు కాదో మా దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పట్టీలో భూమి లోపలి రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. మా దగ్గర దానికి ఎన్నో రెట్లున్న బావులుండేవి. ఫ్లోరైడ్ తీసేయడానికి నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. ఆ బావుల నీళ్లు తాగీ తాగీ, నాకు బుద్ధి తెలిసేసరికే నాయినమ్మ నడుము పూర్తిగా వంగిపోయి ఉండేది. తర్వాత మెడ పట్టేసింది. ఎవరి ముఖమైనా చూడాలంటే కర్ర మీద బరువు వేసి, ఒళ్లంతా పక్కకు తిప్పి, ఓరగా చూసేది. నన్ను చిన్నప్పటి నుంచీ సాకింది ఆమే. పెద్దయ్యాక నన్ను ఎప్పుడూ ఓరగానే చూసింది.

పాప నడక నేర్చాక ఒకటి గమనించాను. వాళ్లిద్దరి ముఖాలు మాత్రం సరిగ్గా ఎదురెదురుగా ఉండేవి. నాయినమ్మ వంగి నిలబడితే పాప ఎత్తుకు వచ్చేది. ఇంట్లో పాపకు తల పైకెత్తకుండా ముఖం కనిపించే పెద్ద మనిషి ఆమె ఒక్కతే. నాయినమ్మకైనా అంతే, నడుము తిప్పకుండా, కర్ర ఆనించకుండా తిన్నగా చూడగలిగిన మనిషి పాప ఒక్కతే. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వాకిట్లో ముక్కుకు ముక్కు ఆనించుకుని ఏదో ముచ్చట పెట్టుకుంటూ ఉండేవాళ్లు.

సెలవుల్లో మొదటి రోజే చెప్పాను, పాలు మాన్పించాలనుకుంటున్నాను అని. నాయినమ్మ అడిగిన మొదటి మాట, "ఇడిపిస్తే ఇడిపియ్యి బిడ్డా. గని ఏ నీళ్లు తాపుతున్నవ్?"

"నల్లా నీళ్లే నాయినమ్మా. కృష్ణ నీళ్లు."

"కృష్ణ నీళ్లేనా? నీకు ఎరుకేనా?"

ఈ ప్రశ్న కొత్తది కాదు. వచ్చినప్పటి నుంచీ చెంబులో నీళ్లు పోసుకున్న ప్రతిసారీ అడిగేది. ఊళ్లో కూడా నల్లా వచ్చింది. ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి చౌటుప్పల్ దగ్గర 2015లో పైలాన్ వేశాక, తర్వాత్తర్వాత అక్కడి ఇళ్లకూ నదినీళ్లు అందాయి. అయినా ఆమెకు నమ్మకం కుదిరేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం ఆటోలో ఇద్దరినీ పానగల్ తీసుకెళ్లాను. ఉదయసముద్రం కందూరు చోళుల కాలం నాటి చెరువు, ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువలో వచ్చే కృష్ణా నీళ్లతో నింపుతారు. కట్ట మీద కూర్చోబెడితే నాయినమ్మ ఒంటిని పక్కకు తిప్పి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా చూసింది. "ఇన్ని నీళ్లు పెట్టుకోని మమ్ముల ఆ బాయి నీళ్లు తాపిచ్చిన్రా" అంది. ఎవరిని అడుగుతోందో తెలియదు. నేను జవాబు చెప్పలేదు.

ఇక పాల సంగతి. పక్కింటి వాళ్లు, బడిలో తోటి టీచర్లు అందరూ వేపాకు నూరి పూయమన్నారు, రెండు రోజుల్లో మానేస్తుందని. నేనూ సిద్ధపడ్డాను. వేపాకు తెచ్చి గిన్నెలో వేశాను కూడా. నాయినమ్మ ఆ గిన్నెను పక్కకు జరిపింది.

"చేదు పుయ్యకు బిడ్డా. మీ నాయనకు నేను గట్లనే పూసిన."

నాన్న కథ అప్పుడు చెప్పింది. నాన్నకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఆమెకు మళ్లీ నెల తప్పింది. కడుపుతో ఉండి పాలివ్వకూడదని అత్త ఒక్కరోజులో వేపాకు పూయించింది. పిల్లవాడు నోరు పెట్టి, చేదు తగిలి, ముఖం చూసి, మళ్లీ నోరు పెట్టి... అట్లా మూడుసార్లు చూశాడట. తర్వాత రొమ్ము దిక్కే రాలేదు. "నీళ్ల కుండ కాడికే పోయేటోడు. చెంబు మీద చెంబు తాగేటోడు. నేనే ముంచి పోసేదాన్ని, నాలుక మీది చేదు పోతదని."

చేదబావి నీళ్లు అవి. తేటగా ఉండేవి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. "పాము కనవడ్తది, తేలు కనవడ్తది. నీళ్లల్ల ఏం కనవడ్తది బిడ్డా" అంది.

నాన్న నవ్వితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. అందుకే నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటాడు. పెళ్లి ఫొటోలో కూడా పెదవులు మూసుకునే ఉన్నాడు. పాలపళ్ల తర్వాత వచ్చే పళ్లు చిగురు లోపల తయారయ్యేది చిన్నతనంలోనే, అప్పుడు తాగిన నీళ్లు వాటి మీద మచ్చై మిగిలిపోతాయి. బయటికి వచ్చాక ఎంత తోమినా పోవు.

ఆ రాత్రి పాపను పడుకోబెట్టాక నేను ఫోన్‌లో ఈ విషయాలు చదువుతూ కూర్చున్నాను. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఆమె పాలలోకి దిగేది చాలా తక్కువని కనిపించింది. తల్లి ఒళ్లు ఆ విషాన్ని తన ఎముకల్లో దాచుకుంటుంది గానీ పాలలోకి పెద్దగా పోనివ్వదు. నాకు సంతోషమేసింది. నాయినమ్మకు ధైర్యంగా ఉంటుందనుకుని పొద్దున్నే చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో చిక్కుడుకాయ ఉంది, దాని ఈనె తీసింది, మళ్లీ తీసిన చోటే గోటితో గీరుతూ ఉంది.

"అంటే నా పాలు తాగినన్ని దినాలు వాడు మంచిగనే ఉన్నడన్నట్టు" అంది. కాసేపటికి, "ఇంకో ఏడాది ఇయ్యాల్సుండె."

ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అనుకుంటాను.

వేపాకు పారేశాను. నాయినమ్మ చెప్పిన దారి వేరు. ఒక పూట తగ్గించాలి, నాలుగైదు రోజులు ఆగాలి, బిడ్డ మరిచిపోయాక ఇంకో పూట. పిల్లల డాక్టర్ కూడా దాదాపు ఇదే చెప్పింది. అడగకపోతే ఇవ్వొద్దు, అడిగితే మొదట్లో కాదనొద్దు, ఆ సమయానికి చేతిలో ఇంకేదో ఉండేలా చూసుకోమని. మధ్యాహ్నం పూట ముందు తగ్గించాం, అది సులువు. ఆ టైముకు జొన్న గట్కలో మజ్జిగ పోసి నాయినమ్మ తన గిన్నెలోంచే తినిపించేది. నేను కంటికి కనబడకుండా వెనక గదిలో ఉండేదాన్ని. సాయంత్రం పూట కొంచెం ఏడిపించింది. నేను బడి నుంచి వచ్చే వేళకు తాగడం దానికి అలవాటు, సెలవుల్లో కూడా ఆ వేళకు గుర్తొచ్చేది. అప్పుడు చేతికి బత్తాయి తొనలు ఇచ్చి వాకిట్లోకి తీసుకెళ్లేవాళ్లం. పొద్దున పూట మే మూడో వారానికి ఆగింది.

నా ఒంటి సంగతి ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. పాలు నిలిచి రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి, ఒకవైపు గడ్డ కట్టింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, నొప్పి తగ్గేంత మటుకే కొద్దిగా పిండేయమని, చల్లటి గుడ్డ వేయమని, జ్వరం వచ్చినా చర్మం ఎర్రబడినా వెంటనే రమ్మని చెప్పింది. నాయినమ్మ మల్లెపూలు తెప్పించింది. మూరెడు దండ రవికె లోపల పెట్టుకోమంది. పాతకాలపు నమ్మకం అనుకున్నాను గానీ పెట్టుకున్నాను. తర్వాత తెలిసింది, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు బాలింతల మీద ఇదే మల్లెపూలను పరీక్షించి, పాలు తగ్గించడంలో మందులాగే పనిచేస్తాయని 1988లో రాశారట. నాకు ఎంతవరకు పూల వల్ల తగ్గిందో తెలియదు. రాత్రంతా గది మల్లెల వాసన వేసేది. పాప నా మెడ దగ్గర ముక్కు పెట్టి "అమ్మ పూలు" అంటూ పడుకునేది. ఆ మూడు నాలుగు రోజులు నొప్పి తట్టుకోగలిగాను.

మిగిలింది నిద్రపోయే ముందు పాలు, అర్ధరాత్రి పాలు. అవే గట్టివి. నాయినమ్మ దానికీ ఒక ఉపాయం పెట్టుకుంది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చునేది. వంగిన నడుము వల్ల ఆమె ముఖం, రెండు చేతులూ ఒడి మీద కప్పులా వాలి ఉండేవి. పాప ఆ కప్పు కిందికి దూరి పడుకునేది. అందులో చీకటిగా, ఆమె పాత నేత చీర వాసనతో ఉండేది. లోపలి నుంచి చిన్నగా హుమ్ముమనే శబ్దం వచ్చేది. ఇద్దరిలో ఎవరిదో తెలిసేది కాదు. మే 20 తర్వాత రెండు రాత్రులు పాప పాలు అడగకుండానే అక్కడ నిద్రపోయింది.

ఆ నెలాఖరుకు పింఛన్ కోసం నాయినమ్మ ఊరికి పోయింది. వేలిముద్ర పడాలి, తను పోక తప్పదు. చండూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకోటి. నెల నెలా పోయేదే, నాలుగు రోజుల్లో వచ్చేదే. బస్సు ఎక్కేముందు పాపతో ముఖానికి ముఖం పెట్టి, "పండ్లు తోముకో, మంచి నీళ్లు తాగు, నేనొస్త" అంది. మూడో రాత్రి నిద్రలోనే పోయింది. నాన్న పొద్దున ఐదింటికి ఫోన్ చేశాడు.

ఊళ్లో ఆ పదకొండు రోజులూ పాపకు అడిగినప్పుడల్లా పాలిచ్చాను. ఇల్లంతా ఏడుపులు, కొత్త ముఖాలు. నెల రోజుల కష్టం పోయిందని ఒకరిద్దరు చుట్టాలు అన్నారు. అనుకోనివ్వండి. దానికి అప్పుడు అదొక్కటే తెలిసిన చోటు, నిజం చెప్పాలంటే నాకూ అంతే.

మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తరి పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి చెట్టు మీదే ఉంది, కిందికి దిగలేదు. మా దగ్గర అప్పుడు పోయినవాళ్లకు తీరని కోరిక ఏదో ఉందని వెతుకుతారు. ఒకరు కల్లు పోశారు. ఒకరు ఆకు, వక్క, తంబాకు పెట్టారు. మేనత్త "చిన్నదాని పెండ్లి మేం చేస్తమవ్వా" అంది. చివరికి నాన్న ముందుకు వెళ్లి విస్తరి దగ్గర కూర్చున్నాడు. అక్కడున్న అందరికీ వినిపించేలా, "అవ్వా, నా పండ్ల గురించి రంది పెట్టుకోకు. నాకేం బాధ లేదు. నువ్వేం తప్పు చెయ్యలే" అన్నాడు. అంటున్నప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోలేదు.

పిట్ట ఎప్పుడు ముట్టిందో నేను చూడలేదు. పాప లేచి ఏడుస్తుంటే లోపలికి వెళ్లి పాలిస్తూ కూర్చున్నాను.

నల్లగొండ తిరిగొచ్చాక పాప వెతకడం మొదలుపెట్టింది. తలుపు చాటున, మంచం కింద, ఆరేసిన చీరల వెనకాల. ఎప్పుడూ కిందనే వెతికేది, తన ఎత్తులో. ఒక్కసారి కూడా తల పైకెత్తి చూడలేదు. ఇంట్లో అందరూ "అవ్వ ఊరికి పోయింది" అనేవాళ్లు. నేనూ రెండు రోజులు అదే అన్నాను. కానీ ఊరికి పోయిన అవ్వ ప్రతి నెలా తిరిగొచ్చేది కదా, అందుకని పాప సాయంత్రం గేటు దగ్గరికి పోయి నిలబడేది. మూడో రోజు నేను కింద కూర్చుని, దాని ముఖానికి నా ముఖం పెట్టి చెప్పాను. అవ్వ చనిపోయింది, ఇక రాదు, అవ్వకు నువ్వంటే చాలా ఇష్టం అని. అది నా ముక్కు పట్టుకుంది. ఎంత అర్థమైందో ఏమో. గేటు దగ్గరికి పోవడం ఇంకో పది రోజులకు ఆగింది.

బడి తెరిచారు. జులైలో చైల్డ్ కేర్ లీవ్‌లోంచి 15 రోజులు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పగటి పాలు నాలుగైదు రోజుల్లోనే ఆగాయి, నాయినమ్మ వేసిన దారిని పాప ఎక్కడో గుర్తుపెట్టుకుంది. రాత్రికి మా ఆయన పూనుకున్నాడు. నేను పక్క గదిలో పడుకున్నాను. రాత్రి లేస్తే పాలూ వద్దు, డబ్బా పాలూ వద్దు, పళ్లు పుచ్చిపోతాయి, నీళ్లే ఇవ్వమని డాక్టర్ చెప్పింది. మొదటి రాత్రి నలభై నిమిషాలు ఏడ్చింది. నేను తలుపు ఇవతల పిడికిలి బిగించి కూర్చున్నాను, రవికె తడిసిపోయింది. లోపల మా ఆయన గోడకు ఆనుకుని కాళ్లు చాపి, నాయినమ్మలాగే వంగి కూర్చోవడానికి ప్రయత్నించాడట. "అరగంటకే నడుము పోయింది, ఆమె బతుకంతా ఎట్లా ఉందో" అన్నాడు పొద్దున. రెండో రాత్రి ఇరవై నిమిషాలు. నాలుగో రాత్రి లేచి, గ్లాసెడు నీళ్లు తాగి, అటు తిరిగి పడుకుంది.

నాకు ఆ తర్వాత రెండు వారాలు మనసు అస్సలు బాగాలేదు. ఊరికే ఏడుపొచ్చేది, బడిలో హాజరు పిలుస్తూ కూడా. పాలు ఆగినప్పుడు ఒంట్లో హార్మోన్లు పడిపోతాయి, కొందరికి ఇలా దిగులుగా ఉంటుంది, వారాలు గడిచినా తగ్గకపోతే రమ్మని డాక్టర్ చెప్పింది. ఏది హార్మోన్లదో ఏది నాయినమ్మదో నేను వేరు చేయలేకపోయాను. ఇలా ఉంటుందని తెలిస్తే కనీసం టెన్షన్ పడేదాన్ని కాదు. పాలు మాన్పించే తల్లులకు ఇది ముందే చెప్పాలి. తగ్గింది, నెమ్మదిగా.

సెప్టెంబర్‌లో పెత్రమాసకు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, ఊరికి పోయాం. కొందరు ఏడాది నిండాకే పెద్దల్లో కలుపుతారు, మా ఇంట్లో తొలి పెత్రమాసకే బియ్యం ఇస్తారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. వాడకట్టు ఆడపిల్లలు పొద్దున్నుంచే తంగేడు, గునుగు కోసుకొస్తున్నారు. మేం ఈ ఏడు పేర్చలేదు. నాన్న అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి వచ్చాడు. అమ్మ గారెలు, చిక్కుడుకాయ కూర, పాశం చేసి మోదుగాకు విస్తరిలో వడ్డించింది. పక్కన నాయినమ్మ ఇత్తడి చెంబు. అంచు ఒకచోట సొట్టపోయి ఉంటుంది, ఆమె ఎప్పుడూ ఆ సొట్ట మీదే బొటనవేలు పెట్టి పట్టుకునేది. అందులో పొద్దున పట్టిన నల్లా నీళ్లు పోశారు.

నాన్న ధూపం వేసి దండం పెట్టుకుంటుండగా పాప నా చేయి వదిలించుకుని పోయింది. "అవ్వ చెంబు" అంది. ఎవరూ కదిలేలోపే రెండు చేతులతో ఎత్తి తాగడం మొదలుపెట్టింది. నీళ్లు గదమ మీదుగా గౌను మీదికి కారుతున్నాయి. "అయ్యో, ఎంగిలైతుంది, పెద్దలకు పెట్టింది" అంటూ అమ్మ చెంబు అందుకోబోయింది. నాన్న అమ్మ చేయి పట్టుకున్నాడు.

"తాగనీ."

పాప సగం పైగా తాగి, గట్టిగా ఊపిరి తీసుకుని, చెంబు కింద పెట్టింది. నాన్న దాన్ని తీసుకుపోయి, బిందెలోంచి మళ్లీ నిండా ముంచుకొచ్చి, విస్తరి పక్కన పెట్టాడు.